పిన్ని లాగిన వైరు

మా పిన్నికి క్షమించడం రాదు. కొందరికి ఈత రాదు, కొందరికి సైకిలు రాదు, ఆవిడకి ఇది రాదు. నేర్చుకుందామన్న ఆలోచన కూడా ఆవిడకి ఎప్పుడూ కలగలేదు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆవిడా నేనూ ఎదురెదురుగా నిలబడి పనిచేసినవాళ్ళం కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు. నేను ఆవిడ అక్క కూతుర్ని. నాలోనూ ఆ రక్తమే ఉందని ముందే చెప్పేస్తున్నాను.

లాండ్రీలో మా పని దుప్పట్లు సాగదీసి మడతపెట్టడం. పెద్ద మిషన్లోంచి దుప్పటి వేడివేడిగా, ఉండచుట్టుకుని బయటికి వస్తుంది. చెరో కొసా గుప్పిట్లో బిగించి, మడమలు నేలకి తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగాలి. అప్పుడే ముడత పోతుంది. ఎక్కడైనా నేత పలచబడి ఉంటే అప్పుడే పర్రుమని చిరుగుతుంది కూడా. కొంతమంది ఆ భయంతోనే మెల్లిగా లాగి, మడిచి, కట్టలో పెట్టేస్తారు. అలాంటివాళ్ళని చూస్తే పిన్నికి ఒళ్ళు మంట. "ఇక్కడ చిరగనిది రేపు రోగి కింద చిరుగుతుంది. అప్పుడు నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావే?" అనేది. ఆవిడ లాగితే అవతలి కొసన నేను ఒకడుగు ముందుకి తూలేదాన్ని. "తిండి తింటున్నావా, గాలి తింటున్నావా?" అని వెక్కిరించేది.

బాబాయి సిటీ బస్సు నడిపేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. వెనకనుంచి ఎవరు ఎంత హారన్ కొట్టినా విసుక్కోకుండా దారి ఇచ్చేవాడు. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి వైర్ల విమానాలు. చూడనివాళ్ళ కోసం చెబుతాను. బొమ్మ విమానం రెక్క కొసనుంచి రెండు సన్నటి ఉక్కు వైర్లు వచ్చి ఒక పిడికి తగులుకుంటాయి. ఆ పిడి పట్టుకుని మనిషి గడ్డి మైదానం మధ్యలో నిలబడతాడు. ఇంజను చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. విమానం ఆయన చుట్టూ గిరగిరా తిరుగుతుంది, దానితోపాటు ఆయనా తిరుగుతాడు. పిడి పైకి వంచితే విమానం ముక్కు పైకి, కిందకి వంచితే కిందకి, అంతే. "వారమంతా బస్సు తిప్పుతారు, సెలవు రోజున విమానం తిప్పుతారు. మా ఆయనకి తిన్నగా పోయే యోగం లేదు" అని పిన్ని నవ్వేది. నవ్వుతూనే ఫ్లాస్కులో టీ పోసుకుని ఆయన వెంట వెళ్ళేది.

చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుందిగానీ ఆ గడ్డిలో అడుగడుగునా ప్రమాదం నక్కి ఉంటుంది. పైకి చదునుగా కనిపించే చోట కుక్కలు తవ్విన గుంటలుంటాయి. గిరగిరా తిరిగేవాడి కాలు అందులో పడితే చీలమండ గోవిందా. మంచుకి తడిసిన గడ్డి సబ్బు రాసినట్టు జారుతుంది. ఏపుగా పెరిగిన గడ్డి చక్రాలకి చుట్టుకుని, విమానం లేస్తూనే బోర్లాపడుతుంది. ప్రొపెల్లర్ సంగతి సరేసరి, దాని దగ్గర వేలు పోగొట్టుకున్నవాళ్ళు ఆ మైదానంలోనే ఉన్నారు. అన్నిటికంటే పాడుది ఏమిటంటే, గడ్డిలో పరిచిన వైరు కంటికి ఆనదు. ఎవడో ఒకడు తొక్కుతాడు. తొక్కిన చోట చిన్న మెలిక పడుతుంది. వేళ్ళతో సాపు చేస్తే మళ్ళీ కొత్తదానిలాగే కనపడుతుంది. కానీ తెగితే మాత్రం సరిగ్గా అక్కడే తెగుతుంది.

అందుకని అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఎగరేసే ముందు వైర్లు లాగి చూడాలి. ఎవరివి వాళ్ళు లాగకూడదు, ఇంకొకరు లాగాలి. ఒకరు విమానాన్ని గుండెకి అదిమి పట్టుకుంటే, ఇంకొకరు పిడి పట్టుకుని బరువంతా వెనక్కి వేసి లాగాలి. తెగేదేదో నేలమీదే తెగాలి. మొదటిసారి ఇది చూసినప్పుడు పిన్ని, "ఇదేముందీ, మా దుప్పటి పనేగా" అందిట.

ఆ మైదానానికి పెద్ద ఒక పెయింట్ల కొట్టు యజమాని. ఏ సైన్యంలోనూ పనిచేయకపోయినా అందరూ ఆయన్ని కెప్టెన్ అనేవారు. తెల్ల టోపీ, మెడలో విజిలు, మాట మీద మాట పడనివ్వని గొంతు. ఒక సెలవు రోజున తన అల్లుడి విమానానికి వైర్లు లాగాల్సినవాడు ఆయనే. తాడు కట్టిన హద్దుకి బయట నిలబడి ఫ్లాస్కు మూత తిప్పుతూ పిన్ని కళ్ళారా చూసింది. కెప్టెన్ పిడిని రెండు వేళ్ళతో పట్టుకుని, బట్టలారేసే తాడుని చూసినట్టు ఒకసారి టక్కున కదిపి, "ఓకే, ఓకే" అని చెయ్యి ఊపేశాడు. విమానం లేచింది. నాలుగు చుట్లు తిరిగిందో లేదో ఒక వైరు తెగింది. బరువంతా రెండోదాని మీద పడి అదీ తెగింది. బాబాయి పిన్ని పక్కనే, హద్దుకి బయటే ఉన్నాడు. టీ గ్లాసు అందుకోడానికి అప్పుడే ఇటు తిరిగాడు. విమానం తిన్నగా వచ్చి ఆయన ఎడమ కన్ను తీసుకుపోయింది.

కెప్టెన్ పళ్ళ బుట్ట పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. వార్డులో అందరూ వింటూ ఉండగా, "అయ్యయ్యో, తాడు దాటి లోపలికి ఎందుకొచ్చావయ్యా? ఎన్నిసార్లు చెప్పాను!" అన్నాడు. పిన్ని బుట్ట ఎత్తి కిటికీలోంచి బయట పారేసింది. "మీరు లాగలేదు. నేను చూశాను" అంది. "బాధలో ఉన్నావు చెల్లెమ్మా, నేనేమీ అనుకోను" అని ఆయన టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. మైదానంలో అందరికీ అదే చెప్పాడు. తాను ఒళ్ళు వంచి లాగానన్నాడు. ఎంత లాగినా ఒక్కోసారి తెగుతుందన్నాడు. మనిషి హద్దులో ఉంటే ఏమీ అయ్యేది కాదన్నాడు. పెళ్ళాం మాట ఎవడు నమ్ముతాడు?

అసలు దెబ్బ అది కూడా కాదు. బాబాయికి ఆ క్షణం ఏమీ గుర్తులేదు. టీ అందుకోవడం గుర్తుంది, తర్వాత మంచం గుర్తుంది. అందరూ ఒకే మాట అనేసరికి ఆయన కూడా నెమ్మదిగా అటే ఒరిగాడు. "దాటానేమోలే. అంతమంది చెబుతుంటే అబద్ధమెందుకవుతుంది?" అన్నాడు. పిన్ని చేతిలో ఉన్న గిన్నె నేలకేసి కొట్టింది. కన్ను పోగొట్టిందే కాక, ఆ తప్పు కన్ను పోయినవాడి నెత్తినే రుద్దాడు కదా, అదీ ఆవిడ కడుపుమంట.

ఒంటి కన్నుతో బస్సు నడపనివ్వరు. డిపోలో బాబాయిని వెనక గదిలో కూర్చోబెట్టారు. జనం బస్సుల్లో మరిచిపోయిన గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు దాచిపెట్టే గది అది. "ఒంటి కన్ను మనిషికి ఒంటి చెప్పులు అప్పజెప్పారు" అని పిన్ని పళ్ళు నూరింది. ఇంట్లో ఎడమ భుజం గుమ్మాలకి కొట్టుకునేది. టీ పోస్తే సగం గ్లాసు పక్కన పడేది. ఎడమ పక్కన ఎవరైనా నిలబడి పలకరిస్తే, మెడ, భుజం, నడుము మొత్తం తిప్పి చూడాల్సి వచ్చేది. తిరిగి చూసి, ఆలస్యమైనందుకు తనే సారీ చెప్పేవాడు. ఆ సారీ విన్న ప్రతిసారీ పిన్ని దవడ బిగుసుకోవడం నేను చూశాను.

ఒక ఆదివారం పిన్ని బాబాయి పాత విమానం చంకలో పెట్టుకుని మైదానానికి వెళ్ళింది. నన్ను కూడా లాక్కుపోయింది. కెప్టెన్ ఎదురొచ్చి, "ఏంటి చెల్లెమ్మా, అమ్మకానికా?" అన్నాడు.

"ఎగరెయ్యడానికి" అంది పిన్ని.

అక్కడున్న మగాళ్ళందరూ ముసిముసిగా నవ్వారు. కాదనడానికి కెప్టెన్‌కి కారణం దొరకలేదు. పైగా కన్ను పోయిన మనిషి భార్యని చేర్చుకుంటే తన మంచితనం నలుగురికీ కనపడుతుందని కూడా లెక్క వేసుకున్నట్టున్నాడు. ఏటా అక్కడ కాగితం తోకల పోటీ జరుగుతుంది. ఇద్దరు మనుషులు మధ్యలో భుజం భుజం రాసుకుంటూ నిలబడి ఒకేసారి రెండు విమానాలు ఎగరేస్తారు. ఒక్కో విమానం వెనక పొడుగాటి కాగితం తోక. ఎదుటివాడి తోకని తన ప్రొపెల్లర్‌తో కోసినవాడు గెలిచినట్టు. ఎన్నో ఏళ్ళుగా కెప్టెన్‌దే గెలుపు. పిన్నికి కావలసింది ఆ గెలుపు కాదు. "వాడి విమానాన్ని గాల్లోనే నరికేస్తా. ముక్కలు గడ్డిలో పడాలి. ఆ టోపీ వంచుకుని వాడే ఏరుకోవాలి. అప్పుడు అందరి ముందూ అడుగుతా" అంది దుప్పటి లాగుతూ. ఆ రోజు మా చేతుల్లో మంచి దుప్పట్లు కూడా చిరిగాయి.

నేర్చుకోవడం ఏమంత అందంగా సాగలేదు. మొదట్లో ఆవిడకి కళ్ళు తిరిగి గడ్డిలో కూలబడేది, లేచి ఒక పక్కకి వెళ్ళి కక్కుకునేది, మూతి తుడుచుకుని మళ్ళీ పిడి పట్టుకునేది. గుంటలో కాలు పడి వారం రోజులు కుంటుతూ దుప్పట్లు మడిచింది. ఒకసారి పిడి తలకిందులుగా పట్టుకుంది. పైకి అనుకుని వంచితే విమానం నేలలోకి దిగిపోయింది. ముక్కలు తెచ్చి బాబాయి ముందు పోసింది. ఆయన అతికించబోతే జిగురు పక్కన పడేది, అయినా వేలితో తడుముకుంటూ అతికించేవాడు.

"ఎందుకే నీకీ పంతం? అయిందేదో అయిపోయింది. తప్పు నాది" అన్నాడు ఒకసారి.

"ఆ మాట ఇంకోసారి అన్నారంటే ఆ రెండో కన్ను నేను పీకుతాను" అంది పిన్ని. బాబాయి నవ్వుతూ జిగురు సీసా కోసం తడుముకున్నాడు.

పోటీ నాటికి ఆవిడ చెయ్యి కుదిరింది. ఒక్కొక్కరినీ ఓడించి చివరికి కెప్టెన్ ముందు నిలబడింది. బాబాయి రాలేదు. ఆ మైదానంలో మళ్ళీ అడుగు పెట్టే మొహం తనకి లేదన్నాడు. చేయని తప్పుకి ఆయన ముఖం చాటేస్తుంటే, చేసినవాడు విజిలు ఊదుకుంటూ తిరుగుతున్నాడు. నాకు రక్తం ఉడికిపోయింది.

ఇద్దరి వైర్లూ గడ్డిలో పరిచి ఉన్నాయి. కెప్టెన్ అల్లుడు పెట్రోలు డబ్బా కోసం అటు నడిచాడు. వాడి బూటు మడమ మామగారి వైరు మీద పడింది. వైరు మడమకి చుట్టుకుంది, వాడు చూసుకోకుండా కాలు ఎత్తాడు, మెలిక బిగిసింది. వంగి, వేళ్ళతో సాపు చేసి, అటూ ఇటూ చూసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయాడు. మామకి చెప్పలేదు. చెబితే తిట్లు పడతాయి కాబోలు. వాడి చూపు మా దాకా రాలేదు. మా విమానానికి కాగితం తోక కడుతూ వంగి ఉన్నాం. ఇద్దరమూ చూశాం.

పోటీ నడిపేది లెక్కల మాస్టారు. "వైర్లు లాగండి" అని పిలిచారు. పోటీలో ఒకరి వైర్లు ఇంకొకరు లాగాలి. ముందు కెప్టెన్ మా పిడి అందుకున్నాడు. నేను విమానాన్ని గట్టిగా పట్టుకున్నాను. అక్కర్లేకపోయింది. రెండు వేళ్ళతో ఒక్క టక్కు. "ఓకే, ఓకే."

"ఇంతేనా?" అంది పిన్ని.

"మనం మనం ఒకటి కదా చెల్లెమ్మా. నువ్వు కూడా కాస్త చూసి లాగు, కొత్త వైర్లు" అన్నాడు నవ్వుతూ.

నేను ఆవిడ చెవి దగ్గరికి వంగాను. "మెల్లిగా లాగు పిన్నీ. ఆయన లాగినట్టే లాగు. నీకేం తెలుసు, నువ్వేం చూశావు? గాల్లోకి పోనీ" అన్నాను. అందులో తప్పేముందో నాకు ఆ నిమిషాన తెలియలేదు. ఆయన పద్ధతి ఆయనకే అప్పజెబుతున్నాం, అంతే కదా అనిపించింది.

పిన్ని పిడి పట్టుకుంది. వెంటనే లాగలేదు. తల తిప్పి తాడు అవతలికి చూసింది. బాబాయి నిలబడ్డ చోటే ఇప్పుడు ఒక కుర్చీ వేసి ఉంది. అందులో కెప్టెన్ భార్య నడుముకి దిండు ఆనించుకుని, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టీ మూతలోకి పోసుకుంటూ వంగి ఉంది. కన్నుకి కన్ను కావాలంటే అంతకంటే సరిగ్గా ఎవరూ అమర్చలేరు. పిన్ని అటు ఎంతసేపు చూసిందో నేను చెప్పలేను. ఆ చూపులో జాలి లేదని మాత్రం చెప్పగలను.

"కానివ్వమ్మా" అన్నారు మాస్టారు.

పిన్ని మడమలు గడ్డిలోకి తన్నిపెట్టింది. పిడిని రెండు చేతుల్లో బిగించింది. ఆసుపత్రి దుప్పటి లాగినట్టు ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగింది. అవతల విమానం పట్టుకున్న అల్లుడు ఒకడుగు ముందుకి తూలాడు. టంగుమని వైరు తెగింది. తెగిన కొస గడ్డి మీద నుంచి పాములా ఎగిరి వెనక్కి వచ్చింది. పిన్ని వెల్లకిలా పడింది, పడ్డా పిడి వదల్లేదు.

కెప్టెన్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. "ఇది అన్యాయం. ఆడమనిషి అంత బలంగా లాగుతుందా? కావాలనే తెంపింది" అన్నాడు.

పిన్ని లేచి, చీరకంటిన గడ్డి దులుపుకోకుండానే, తెగిన కొస పట్టుకుని ఆయన ముందుకి వచ్చింది. "మీ అల్లుడు తొక్కాడు. అడగండి."

"కొంచెం... మడమ తగిలింది మామయ్యా. సాపు చేశాను. బాగానే ఉందనుకున్నా" అన్నాడు అల్లుడు.

"తొక్కిన వైరు గట్టిగా లాగితే నేలమీదే తెగుతుంది. చూశారుగా అందరూ" అంది పిన్ని. గొంతు పెంచలేదు. "ఆ రోజు కూడా ఈ అబ్బాయి వైరే. ఒళ్ళు వంచి లాగానన్నారు. మరి నేలమీద ఎందుకు తెగలేదు? మీ లాగడం ఇప్పుడే చూశాం, రెండు వేళ్ళు. ఇప్పుడు నేనూ మీలాగే లాగి ఉంటే ఈ విమానం ఎక్కడికి పోయేదో ఒకసారి చూడండి. ఆ కుర్చీలో ఎవరున్నారో చూడండి."

కెప్టెన్ చూశాడు. ఆయన భార్య కుర్చీలోంచి లేచి తాడు దగ్గరికి వచ్చింది. టీ మూత ఇంకా చేతిలోనే ఉంది.

"ఏమండీ, ఆ రోజు మీరు లాగారా?" అని అడిగింది.

మేమందరం అడిగితే ఆయన ఏదో ఒకటి చెప్పేవాడే. ఆవిడ అడిగేసరికి టోపీ తీసి చేత్తో నలుపుకుంటూ నిలబడ్డాడు.

"గట్టిగా లాగలేదు" అన్నాడు చివరికి.

"ఆ మనిషి తాడు దాటాడా?"

"లేదు."

మాస్టారు ఏదో అనబోయారు. గెలుపు పిన్నిదే అని కాబోలు. పిన్ని ఆయన వైపు చూడనే లేదు. అంతకాలం కళ్ళు తిరిగేలా తిరిగి విద్య నేర్చుకుంది, తీరా ఆ రోజు విమానం నేల విడవనే లేదు. నాకే మనసు చివుక్కుమంది. ఆవిడ తాపీగా మా వైర్లు చుట్టలు చుట్టుకుంది.

కెప్టెన్ ఆవిడ దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. "తప్పయిపోయింది చెల్లెమ్మా, క్షమించు" అన్నాడు.

"నాకు చెల్లెమ్మా వద్దు, క్షమించడం రాదు. ఇంటికి పదండి" అంది పిన్ని.

ఆయన్ని ముందు నడిపించుకుని, తను వెనక నడుస్తూ తీసుకొచ్చింది. నేను విమానం మోసుకుంటూ వెంట వచ్చాను. కెప్టెన్ భార్య కూడా వచ్చింది. బాబాయి ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని, ఎవరో బస్సులో వదిలేసిన గొడుగు పుల్ల బాగుచేస్తున్నాడు. పిన్ని ఒక కుర్చీ తెచ్చి, ఆయనకి ఎడమ పక్కన, కాస్త వెనగ్గా వేసింది. "ఇక్కడ కూర్చోండి" అంది కెప్టెన్‌తో.

బాబాయికి అడుగుల చప్పుడు వినపడింది, మనిషి కనపడలేదు. "ఎవరూ? సారీ అండీ, అటు పక్క నాకు ఆనదు. ఇటు వచ్చి కూర్చోండి" అన్నాడు మర్యాదగా.

కెప్టెన్ లేవబోయాడు. పిన్ని ఆయన భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ కూర్చోబెట్టింది. ఆ చేతి బరువు నాకు తెలుసు.

"అక్కడే కూర్చోండి. ఆయనే తిరుగుతారు. మిమ్మల్ని చూడ్డానికి ఎంత తిరగాలో మీరు చూడండి" అంది.

బాబాయి గొడుగు బల్ల మీద పెట్టాడు. ముందు మెడ తిప్పాడు, చాలలేదు. భుజం తిప్పాడు. తర్వాత బల్ల అంచు పట్టుకుని, కుర్చీ నేలమీద కీచుమంటుండగా, నడుముతో సహా మొత్తం తిరిగాడు. కెప్టెన్ అదంతా చూస్తూ కూర్చున్నాడు. తల దించుకోబోతే పిన్ని వేళ్ళు భుజం మీద బిగుసుకున్నాయి.

"కెప్టెన్ గారా?" అన్నాడు బాబాయి. ఆ ఒక్క కంట్లో ఇంకా భయమూ మర్యాదే ఉన్నాయి.

"వైరు నేను లాగలేదు. నువ్వు తాడు దాటలేదు" అన్నాడు కెప్టెన్, నేల చూస్తూ.

బాబాయికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. పిన్ని వైపు చూశాడు, మళ్ళీ ఆయన వైపు చూశాడు. "నేను బయటే ఉన్నానా?" అన్నాడు. ఆ కంటినుంచీ, కన్ను లేని వైపునుంచీ కూడా నీళ్ళు కారాయి.

"బయటే ఉన్నావు."

పిన్ని చెయ్యి తియ్యలేదు.

"ఆయన మొహం చూసి మళ్ళీ చెప్పండి" అంది.